మూడవ కూత, నాలుగవ వంతు

కబడ్డీ బరిలో ఒక జట్టు వరుసగా రెండు కూతలను వట్టిచేతులతో ముగించినచో, మూడవ కూతకు పోవువాడు పాయింటు తేక తప్పదు. తేలేనిచో వాడే బరి విడిచి వెలుపల కూర్చుండవలెను. ప్రో కబడ్డీ పోటీలు 2014లో ఆరంభమైన పిమ్మట ఈ నియమము ఇంటింట టెలివిజనులో కనబడి, మన పల్లెల కుఱ్ఱవాండ్ర నోట ‘చావో రేవో’ కూతగా స్థిరపడినది. పేరు బాగున్నది. కాని ఆ పేరులోని ఆవేశమే ఆటగానిచే లెక్క మరపింపజేయుచున్నదని మా అనుమానము. చావో రేవో అని చెవిలో మ్రోగునప్పుడు, అంతకు ముందటి రెండు కూతలును ఎందుకు వట్టివైనవి, వట్టివగుట తప్పా లేక తెలివియా అని విచారించు తీరిక ఎవరికి నుండును?

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది కండబలమును గూర్చి కాదు. ఒక తప్పు జరిగి, దానికి దండన విధింపబడిన పిమ్మట, ఎన్ని వంతులు మిగిలినవి, ఎంత దూరము మిగిలినది అని చూచుకొని దారి ఎంచుకొనుటను గూర్చి.

పాతకాలపు చెడుగుడునకు ఈ చిక్కు లేదు. కోతలైన చేనిలో మడమతో ఒక గీత గీచి, అటు కొందరు ఇటు కొందరు నిలిచిన ఆట మొదలయ్యెడిది. ఊపిరియే గడియారము. కూత ఆగినవాడు చచ్చినట్లు. ఎన్ని వట్టి కూతలైనను అడుగువాడు లేడు. ఆధిక్యము దొరకిన జట్టు ఆ తరువాత గీత దాటుట, కాలు ఝాడించుట, వెనుదిరుగుట, ఇంతకంటె మఱేమియు చేయకున్నను నియమము దానిని తప్పుపట్టలేదు. చూచువారు కేకలు వేయుదురు, అంతియే. ఇరువది నిమిషముల చొప్పున రెండు భాగములని కాలము కొలిచి, కూతకు ముప్పది సెకండ్లని హద్దు పెట్టి, పాయింట్ల పలక నిలిపిన తరువాత ఈ జబ్బు బయటపడినది. మందుగా వచ్చినది మూడవ కూత నియమము.

ఇదే జబ్బు సముద్రములకావల మరియొక ఆటకు పందొమ్మిదవ శతాబ్దిలోనే పట్టినది. ఆ ఆటను గూర్చి ఇచ్చట చెప్పుటకు కారణము లేకపోలేదు. తణుకు చుట్టుప్రక్కల ఊళ్ళనుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబములు పెక్కు. అక్కడి బడిలో చదువు మనుమడు వారమునకొకమారు తాతగారితో మాటలాడుచు తమ ‘ఫుట్‌బాలు’ ముచ్చట చెప్పును. కాలితో తన్నునది కొంచెము, చేతితో పట్టుకొని పరుగెత్తునది హెచ్చు అయిన ఆ ఆటను ఫుట్‌బాలు అని ఏల అందురో తాతగారికి బోధపడదు. అది అట్లుండనిండు. ఆ ఆటకు ప్రాణమైన నియమము మాత్రము డెల్టా రైతునకు రెండు మాటలలో బోధపడును, ఏలయన అది వంతుల లెక్క.

1881లో ప్రిన్స్‌టన్, యేల్ విద్యాలయముల జట్లు తలపడినవి. బంతి దొరకిన జట్టు దానిని విడువక ఎంతసేపైనను ఉంచుకొనవచ్చునను రోజులవి. మొదటి సగమంతయు ప్రిన్స్‌టన్‌వారు బంతిని పట్టుకొని కూర్చుండిరి. రెండవ సగమంతయు యేల్‌వారు కూర్చుండిరి. సున్నకు సున్నగా ఆట ముగిసినది. చూడవచ్చినవారి ముఖములు ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును. మరుసటి సంవత్సరము, 1882లో, వాల్టర్ క్యాంపు అను క్రీడాపండితుని చొరవతో క్రొత్త నియమము వచ్చినది: మూడు వంతులలో అయిదు గజములు ముందుకు సాగవలెను, లేదా బంతిని ఎదుటివారికి అప్పగింపవలెను. 1906లో అయిదు గజములు పదియైనవి. 1912లో మూడు వంతులు నాలుగైనవి. నేటికిని అదియే లెక్క. నాలుగు వంతులు, పది గజములు. పది గజములు సాగినచో మరల నాలుగు క్రొత్త వంతులు. మూడు అడుగులొక గజమను కొలత మన ఇండ్లస్థలముల బేరములలో ఇంకను బ్రతికియే యున్నది గనుక, ఈ దూరమును శ్రోతలు కంటి యెదుట ఊహించుకొనగలరు.

ఇక దండన సంగతి. ఎదుటివానిని పట్టరాని చోట పట్టుకొని ఆపినచో పది గజములు వెనుకకు పోవలెను. ఆట మొదలుకాక మునుపే గీత దాటి వచ్చినచో అయిదు గజములు. ఇంతవరకు అన్ని ఆటలలోను ఉన్నదే. ఆ ఆటలోని విశేషమేమనగా, తప్పు జరిగినదని నిర్ణేత పసుపుపచ్చ గుడ్డ విసరిన పిమ్మట, దండన విధింపవలెనా వలదా అని నష్టపోయిన జట్టునే అడుగుదురు. ‘జరిమానా పుచ్చుకొందురా, లేక జరిగినదానిని జరిగినట్లే ఉండనిత్తురా?’ అని. పుచ్చుకొన్నచో ఆ వంతు సాధారణముగా మరల ఆడబడును. వలదన్నచో ఆ వంతు లెక్కకు వచ్చి, తరువాతి వంతు మొదలగును.

వినుటకు ఇది తేలిక. దక్కిన జరిమానాను ఎవడు వలదనును? ఒక ఉదాహరణము చూడుడు. బంతి ఎదుటివారిది. వారికి మూడవ వంతు. ఎనిమిది గజములు కావలెను. బంతిని విసరిరి, ఎవరికిని దొరకక నేలబడినది. అదే సమయమున వారిలో ఒకడు మనవానిని అక్రమముగా పట్టుకొనెను. జరిమానా పుచ్చుకొన్నచో వారు పది గజములు వెనుకకు పోయి, మరల మూడవ వంతునే, పదునెనిమిది గజములు కావలసియుండగా ఆడుదురు. వలదన్నచో వారికి నాలుగవ వంతు, ఎనిమిది గజములు. నాలుగవ వంతులో ఎనిమిది గజములు కావలసిన జట్టు సాధారణముగా సాహసింపక బంతిని దూరముగా తన్ని మనకు వదలివేయును. పుచ్చుకొన్నచో వారికి ఒక వంతు దానము చేసినట్లు. దూరము హెచ్చినమాట నిజమే. కాని పోయిన వంతు తిరిగి వచ్చినది. కాబట్టి తెలిసినవారు ఇచ్చట జరిమానాను వలదందురు.

అయితే ఇది సూత్రము కాదు. అదే మూడవ వంతు, అదే ఎనిమిది గజములు. కాని బంతి మన గోలుగీతకు ముప్పది గజముల దూరమున నున్నదనుకొందము. ఇప్పుడు వారికి మరియొక దారి కలదు: నాలుగవ వంతులో బంతిని నిలువు కంభముల నడుమకు తన్ని మూడు పాయింట్లు సంపాదించుట. వృత్తిజట్ల మైదానమున ఆ కంభములు గోలుగీతకు పది గజములు వెనుక నుండును. తన్నువాడు బంతిని ఇంచుమించు ఏడు గజములు వెనుకనుండి తన్నును. ముప్పదికి పదునేడు కలిపిన నలుబదియేడు గజముల తాపు. అది ఆరితేరినవారికి తరచు సాధ్యమగునది. జరిమానా పుచ్చుకొని వారిని పది గజములు వెనుకకు నెట్టినచో, మూడవ వంతులో వారేమియు సాధింపలేకపోయిన యెడల, తాపు ఏబదియేడు గజములగును. అది గట్టి తన్నుగానికిని కష్టమే. ఇచ్చట ఒక వంతు దానమిచ్చియైనను పది గజములు పుచ్చుకొనుట మేలు కావచ్చును. తప్పు అదే, వంతు అదే, దూరము అదే. బంతి నిలిచిన చోటు మారినంతనే సమాధానము తారుమారైనది.

బంతి మనదైనప్పుడు లెక్క వేరొక తీరున సాగును. మొదటి వంతు, పది గజములు కావలెను. ఎదుటివాడు ముందే గీత దాటి తప్పుచేసెను. మనవాడు నాలుగు గజములు పరుగెత్తెను. వలదన్నచో రెండవ వంతు, ఆరు గజములు. పుచ్చుకొన్నచో మొదటి వంతే, అయిదు గజములు. వంతును మిగిలినది, దూరమును తగ్గినది, ఆలోచింప పనిలేదు. మనవాడు పరుగెత్తినది ఏడు గజములైనచో? రెండవ వంతు, మూడు గజములా. మొదటి వంతు, అయిదు గజములా? మాకు మొదటి వంతే మేలని తోచును. రెండు గజముల కొరకు ఒక పూర్తి వంతును ఖర్చుపెట్టుట దుబారా. తొమ్మిది గజములు పరుగెత్తినయెడల మాత్రము మేమును జరిమానాను వదలుకొందుము. నడుమ నెక్కడనో ఒక గీత కలదు. అది జట్టు బలమునుబట్టి, గాలినిబట్టి, మిగిలిన కాలమునుబట్టి జరుగుచుండును.

దక్కినదానిని వలదనుట మనవారికి రుచింపదని మాకు తెలియును. గోదావరి మండలములలో వ్యాజ్యములకు కొదువ లేదు. ఓడినవాడు కోర్టులో ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెనను సామెత ఊరకనే పుట్టలేదు. డిక్రీ చేతికి వచ్చినదని, అమలు జరుపుటకు డిక్రీ మొత్తముకంటె హెచ్చు వ్యయముచేసిన పెద్దలను చూచియే యున్నాము. ఎదుటివాడు తప్పుచేసినాడు, వానికి శిక్ష పడవలెను అను కోపము ఒకటి. ఆ శిక్ష మనకు లాభమా అను విచారణ వేరొకటి. నన్నయభట్టారకుడు యజ్ఞము చేసిన ఊరని ప్రతీతిగల తణుకునుండి మాటలాడుచు భారతమును తలపకుండుట తగదు. సభాపర్వమున ధృతరాష్ట్రుడు వరములిచ్చునపుడు ద్రౌపది మొదటి వరముతో ధర్మజుని, రెండవదానితో తక్కిన నలుగురిని దాస్యమునుండి విడిపించినది. మూడవ వరము కోరుకొమ్మన్నచో వలదన్నది. ధర్మదృష్టితో ఆమె అట్లు పలికినదని పెద్దలు వ్యాఖ్యానింతురు. ఆటగాని దృష్టితో చూచినను, భర్తలు స్వతంత్రులై విండ్లు చేతబట్టిన తరువాత ఆమెకు కావలసినది తీరిపోయినది. తక్కినది వారి భుజబలము చూచుకొనును.

మరల మన బరికి వత్తము. కబడ్డీలో నష్టపోయిన జట్టును ఎవరును ‘పుచ్చుకొందురా?’ అని అడుగరు. నిర్ణేత ఈల వేసెను, దండన పడెను. కాని ఎంపిక అంతటితో లేకుండపోలేదు. అది దండనపడిన జట్టు నాయకుని తలమీదకు వచ్చినది. ఇది మన ప్రేక్షకులు బొత్తిగా గమనింపని సంగతి.

ఒక ఆటగానికి పసుపుపచ్చ కార్డు చూపిరనుకొనుడు. రెండు నిమిషములు అతడు వెలుపల నుండవలెను. ఆ జట్టు ఒకడు తక్కువగా ఆడవలెను. రెండు నిమిషములనగా నూటయిరువది సెకండ్లు. కూతకు ముప్పది సెకండ్ల చొప్పున నాలుగు కూతలు: రెండు మనవి, రెండు వారివి. మన కూతకు పోవునది ఒక్కడే గనుక ఆ సమయమున మనిషి తగ్గిన లోటు అంతగా తెలియదు. ఎదుటివాడు మన బరిలోనికి వచ్చినపుడు తెలియును. మూలనున్నవానికి తోడురావలసిన చేయి అక్కడ నుండదు. కనుక మన కూతలయందు చేయవలసినది కాలము గడుపుట; ఇంకొక మనిషిని పోగొట్టుకొనకుండుట. రెండు వట్టి కూతలు నియమమే ఇచ్చుచున్నది. వాటిని వాడుకొనుటకు ఇంతకంటె మంచి సమయము లేదు.

కాని కార్డు చూపిన క్షణమున మన వట్టి కూతల లెక్క ఎంతయున్నది? సున్న యున్నచో, రెండు నిమిషములును రెండు వట్టి కూతలతో దాటవచ్చును; చావో రేవో కూత వచ్చునప్పటికి ఏడవవాడు తిరిగి వచ్చియుండును. అప్పటికే ఒకటి వట్టిగా పోయియున్నచో, రెండవ కూతయే చావో రేవో. దండన ముగియక మునుపే మీదపడును. అప్పటికే రెండు పోయియున్నచో వెంటనే ప్రాణసంకటము. ఒకే కార్డు, ఒకే రెండు నిమిషములు. మూడు వేర్వేరు స్థితులు. అమెరికా మైదానమున ‘ఎన్నవ వంతు, ఎన్ని గజములు’ అని అడిగినట్లే, మన నాయకుడు ‘ఎన్నవ కూత, ఎందరము’ అని తన్ను తాను అడుగుకొనవలెను.

వట్టి కూత యనగా గీతయొద్ద నిలిచి ముప్పది సెకండ్లు కూయుట యని ఎవరైన భావింతురేమో. అట్లు కాదు. పురుషుల బరిలో నడిగీతకు 3.75 మీటర్ల దూరమున బాక్ గీత యొకటి కలదు. ఎవనినైన తాకనిదే, ఆ గీత దాటనిదే తిరిగివచ్చినవాడు ఔటగును. ఒక్కొక్క జట్టు భాగము ఆరున్నర మీటర్ల లోతు మాత్రమే. అందులో సగముకంటె హెచ్చు లోనికి పోయి, ఏడుగురి చేతులకు చిక్కక, పాయింటు కొరకు ఆశపడక, ముప్పది సెకండ్లలో ఎక్కువ భాగము అక్కడనే గడిపి రావలెను. దీనిని పిరికితనమనువారు ఒకమారు బరిలో దిగి చూడవలెను.

ఎదుటి నాయకుడును తెలివిగలవాడైనచో దీనికి విరుగుడు కలదు. తన కూతలను పదునైదు సెకండ్లలో ముగించుట. అప్పుడు ఆ రెండు నిమిషములలో అతనికి రెండు బదులు మూడు కూతలు దొరకును. తగ్గిన జట్టుమీద మూడు దాడులు. కాని తొందరపడి వచ్చినవాడు పట్టుబడుటయు కలదు. పైగా బరిలో ముగ్గురో అంతకు తక్కువో మిగిలినపుడు వారు పట్టిన పట్టునకు ప్రో కబడ్డీలో ఒకటి బదులు రెండు పాయింట్లు. అందుచేత ముగ్గురే కదా అని దూకువాడు లెక్క తెలియనివాడు. ముగ్గురున్న బరి నలుగురున్న బరికంటె తేలిక; కాని పట్టుబడినచో ఖరీదు రెట్టింపు.

ఇంకొక ఎంపిక కలదు. అది వినువారికి వింతగా తోచును. ఒకడో ఇద్దరో మిగిలిన జట్టు, అందును పట్టులో ఆరితేరనివారు మిగిలిన జట్టు, వీలైనంతసేపు బ్రతికియుండుటకు పెనగులాడవలెనా? జట్టంతయు చచ్చినచో ఎదుటివారికి రెండు పాయింట్లు అదనము. కాని చచ్చిన ఏడుగురును ఒక్కమారుగా బ్రతికి బరిలోనికి వత్తురు. ఆ ఒక్కడు మూడు నాలుగు నిమిషములు గీతల మధ్య దాగుడుమూతలాడుచుండగా జట్టులోని మేటి కూతగాడు వెలుపల కూర్చుండి చూచుచుండును. ఆట చాల మిగిలియున్నపుడు ఆ రెండు పాయింట్ల జరిమానాను ముందే చెల్లించి ఏడుగురిని తెచ్చుకొనుట ఒక్కొక్కప్పుడు చౌక బేరము. చివరి రెండు నిమిషములలో, ఆధిక్యము మనదిగా నున్నపుడు, అదే బేరము మూర్ఖత్వము. చూచువారు మాత్రము రెండు వేళలను ఒక్కటే మాట యందురు, ‘చేతులెత్తివేసినారు’ అని.

నియమమే సందిగ్ధమైనచో ఈ లెక్కలన్నియు ఏమగునో 2023 అక్టోబరు 7వ తేదీన లోకమంతయు చూచినది. 2022లో జరుగవలసి ఒక సంవత్సరము వాయిదాపడిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ తుదిపోరు భారతదేశమునకును ఇరానునకును జరిగినది. 2018లో జకార్తాలో మనవారిని తుదిపోరునకు రానీయక ఓడించినదియు ఇరానువారే. ఆటకు ఇంక కొలది క్షణములున్నవి; స్కోరు 28కి 28. చావో రేవో కూతకు మన జట్టు నాయకుడు పవన్ సెహ్రావత్ వెళ్ళెను. అదే సంవత్సరము డిసెంబరులో మొదలైన ప్రో కబడ్డీలో తెలుగు టైటన్స్ జట్టును నడపినవాడు ఆయనయే. ఎవనిని తాకకయే ఆయన కాలు ప్రక్కనున్న లాబీలో పడినది. ఆయనను పట్టవచ్చిన ఇరాను ఆటగాండ్రును వెంట లాబీలోనికి వచ్చిరి. తాకుడు జరుగక మునుపు లాబీ బరిలోనిది కాదు. పాత నియమము ప్రకారము వెంటవచ్చినవారును ఔటు. క్రొత్త నియమము ప్రకారము కూతకు పోయినవాడు మాత్రమే ఔటు. ఏ నియమము చెల్లునో తేలలేదు. నిర్ణయము ఒకమారు ఇటు, ఒకమారు అటు మారినది. ఆటగాండ్రు బరిలో కూర్చుండిపోయిరి. ఇంచుమించు ఒక గంటసేపు ఆట నిలిచిపోయి, కడపట 33కి 29గా భారతదేశము గెలిచినది.

మనవారు గెలిచిరి గనుక మనకు సంతోషము. కాని ఆ క్షణమున ఇరాను ఆటగాని స్థానమున నిలిచి ఆలోచింపుడు. లాబీలోనికి పోయిన కూతగానిని వెంబడింపవలెనా, విడువవలెనా? వెంబడించుట ఒక నియమమున నిరపాయము, మరియొక నియమమున సర్వనాశము. రెంటిలో ఏది అమలులో నున్నదో తెలియక అతడు వేసిన అడుగును తప్పనుటకు మాకు నోరాడదు. నిర్ణయము మంచిదా చెడ్డదా యనునది అతనికి ఆ క్షణమున తెలిసినదానినిబట్టి తూచవలెనుగాని, తరువాత పలకమీద పడిన అంకెనుబట్టి కాదు. ఈ మాట గెలిచినవారి విషయమునను చెల్లును.

మన ఊళ్ళలో తూనిక వేరుగా నున్నది. సంక్రాంతి పోటీలలో వట్టి కూతతో తిరిగివచ్చిన పిల్లవానిని గట్టుమీదివారు గేలిచేయుదురు. ఆ గేలికి జంకి వాడు తరువాతి కూతలో అవసరము లేకున్నను ఏడుగురిలోనికి దూకును. భుజము సడలించుకొని వచ్చును. రైల్వేలలోను, పోలీసు శాఖలోను క్రీడల కోటాలో ఉద్యోగము దొరకునను ఆశతో ఆడు బీదపిల్లలకు ఒక్క భుజము సడలుట చిన్న సంగతి కాదు. ఒక సంవత్సరపు ఎంపిక చేజారినచో వయస్సు ఆగదు.

పోటీలు నడపు పెద్దలకు రెండు మనవులు చేసెదము, రెండును వ్యయములేనివే. ఆట మొదలిడక మునుపు ఏ నియమములు చెల్లునో, ముఖ్యముగా మూడవ కూత, లాబీ, కార్డు, ఈ మూడింటి సంగతి, రెండు జట్లను నిలువబెట్టి మైకులో చదివి వినిపింపుడు. పాయింట్ల పలక ప్రక్కనే మరియొక చిన్న పలక నిలిపి, ఏ జట్టునకు ఎన్ని వట్టి కూతలైనవో సుద్దతో వ్రాయుచుండుడు. గట్టుమీదివారు గేలిచేయుటకు ముందు ఆ పలకను చూచెదరు, నాయకుడును చూచును.